వాన పడితే చాలు, బండి హోమ్ సిగ్నల్ దగ్గరే నిలబడిపోతోంది. ఎందుకు?

పొలంగట్టు:

అందరికీ నమస్కారమండి. మాది భీమవరం చుట్టుపక్కల చిన్న స్టేషను, పేరు అక్కర్లేదు. రెండు ప్లాట్‌ఫారాలు, ఒక లూపు (మెయిన్ లైను పక్కన బండిని నిలిపే లైను), ఎప్పుడో గాని వాడని గూడ్స్ సైడింగు, స్టేషనుకి అటొక గేటు, ఇటొక గేటు. కట్టకి ఒక పక్క వరిచేలు, రెండో పక్క చేపల చెరువులు.

వేసవిలో బళ్లన్నీ నేరుగా లోపలికొచ్చేస్తాయి. తొలకరి దిగిందంటే మాత్రం, గట్టి వాన పడిన ప్రతిసారీ బండి స్టేషను బయట హోమ్ సిగ్నల్ (స్టేషన్లోకి రానిచ్చే సిగ్నలు) ఎర్రదీపం ముందు నిలబడిపోతుంది. ఒక్కోసారి పది నిమిషాలు, ఒక్కోసారి అరగంట. ముందు బండేమీ ఉండదు, ప్లాట్‌ఫారం ఖాళీగా కనబడుతూనే ఉంటుంది. చివరికి ఎవరో గొడుగేసుకుని కాగితం పట్టుకుని నడిచొస్తారు, డ్రైవరు చేతికిస్తారు, అప్పుడు బండి మెల్లగా లోపలికొస్తుంది.

వానకీ సిగ్నలుకీ సంబంధం ఏంటండి? సింగిల్ లైను రోజుల్లో ఎదురుబండి కోసం ఆపారనుకునేవాళ్లం. ఇప్పుడు విజయవాడ, గుడివాడ, భీమవరం, నరసాపురం, నిడదవోలు, మచిలీపట్నం అన్నీ కలిపి 221 కిలోమీటర్లు డబుల్ లైనయ్యింది, కరెంటూ వచ్చింది. అయినా ఇదేంటి? ఆ కాగితమేంటి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

రిలేగది:

వానకీ సిగ్నలుకీ మధ్య పట్టాలున్నాయండి. స్టేషను యార్డులో పట్టాలని కరెంటు పరంగా ముక్కలు చేస్తారు. ముక్కకీ ముక్కకీ మధ్య కరెంటు దాటని జాయింట్లుంటాయి. ఒక్కో ముక్కకి ఒక చివర కొద్ది వోల్టుల బ్యాటరీ, రెండో చివర ఒక రిలే, అంటే చాలినంత కరెంటు వస్తే ఎత్తుకుని, లేకపోతే పడిపోయే స్విచ్చు. దీన్ని ట్రాక్ సర్క్యూట్ అంటారు. కరెంటు ఒక పట్టాలో వెళ్లి, రిలే చుట్టలోంచి రెండో పట్టా మీదుగా తిరిగొస్తుంది. రిలే ఎత్తుకుని ఉన్నంతసేపూ లైను ఖాళీ అని లెక్క. బండి ఎక్కితే చక్రాలూ ఇరుసూ రెండు పట్టాల్నీ కలిపేస్తాయి, కరెంటు ఆ దగ్గరిదారినే తిరిగిపోతుంది, రిలే పడిపోతుంది, స్టేషను మాస్టారి మీటల బల్ల, అంటే ప్యానెల్ మీద ఆ ముక్క ఎర్రగా వెలుగుతుంది.

బండి లేకపోయినా, తడిసి బురద పట్టిన కంకరలోంచి కరెంటు ఒక పట్టా నుంచి రెండో పట్టాకి కారిపోతే అదే జరుగుతుంది. రిలే దాకా చేరేది చాలదు, పడిపోతుంది. అడ్డుపడింది చక్రమో బురదో దానికి తెలియదు. తెలియనప్పుడు ఎరుపే చూపాలి, దాన్ని తయారు చేసిందే అలా. కాబట్టి మీ స్టేషన్లో జరిగేది చెడిపోవడమే అయినా, క్షేమం వైపు చెడిపోవడం.

లెక్క కూడా చెబుతాను. కంకర గుండా కారే కరెంటుకి ఉండాల్సిన నిరోధం, స్టేషను యార్డులో కిలోమీటరుకి కనీసం 2 ఓములు, రెండు స్టేషన్ల మధ్య సెక్షన్లో 4 ఓములు. ఇక్కడ పొడవు పెరిగేకొద్దీ నిరోధం తగ్గుతుంది, ఎందుకంటే కారే చోట్లు పెరుగుతాయి. కిలోమీటరుకి 2 ఓములున్న నేలలో 400 మీటర్ల ముక్కకి 5 ఓములొస్తుంది, 700 మీటర్ల ముక్కకి మూడు ఓములు కూడా రాదు. అందుకే వానలో ముందు పడిపోయేది పొడుగు ముక్క, అంటే సాధారణంగా ప్లాట్‌ఫారం లైను. మీకు బయటి నుంచి ఖాళీగా కనిపించేదీ అదే.

హోమ్ ఆకుపచ్చో పసుపో కావాలంటే బండి నడిచే దారిలోని ముక్కలన్నీ ఖాళీ చూపించాలి. బండి ఆగే చోటు దాటి, స్టార్టర్ (బండిని స్టేషను నుంచి బయటికి వదిలే సిగ్నలు) అవతల మరో 120 మీటర్లు కూడా. ఆ వరసలో ఒక్కటి పడినా హోమ్ ఎరుపే. డబ్లింగు వల్ల ఎదురుబండి బాధ పోయింది గాని ఈ ముక్కలు పోలేదు. పైగా యార్డు పెద్దదైతే ముక్కలూ పెరుగుతాయి.

కంకరమనిషి:

రిలేగది గారు చెప్పింది సగమేనండి. బ్యాటరీ, రిలే అన్ని ఊళ్లలోనూ అవే. డోన్‌లో, ధర్మవరంలో వాన పడితే ఇలా అవ్వదే? తేడా కట్ట కింద ఉంది.

మనది గోదావరి తెచ్చిపోసిన నల్లమట్టి. తడిస్తే ఉబ్బి మెత్తబడుతుంది, ఎండితే బీటలిస్తుంది. బండి బరువుకి కంకర మెత్తబడ్డ మట్టిలోకి దిగుతుంది, దిగిన ప్రతి రాయికీ బదులు బురద పైకొస్తుంది. చక్రం ఎక్కినప్పుడు నొక్కుకుని, దిగినప్పుడు లేచే స్లీపరు కింద ఈ పని ఆగకుండా జరుగుతుంది. స్లీపరు చివర తెల్లగానో బూడిదరంగుగానో చిమ్మిన మరకలు కనిపిస్తే అక్కడ బురద తోడుకుంటోందని గుర్తు. స్లీపరు కింద 30 సెంటీమీటర్లు శుభ్రమైన కంకర ఉండాల్సిన చోట మూడో వంతు కూడా మిగలదు. మిగతాదంతా మట్టి నిండిన రాయి, అది నీళ్లు వదలదు.

కొత్త లైను వేసేటప్పుడు నల్లమట్టి పైన వేరే గట్టిమట్టి పొర వేసి, దాని మీద కంకర పోస్తారు. మన పాత కట్టలు పక్కనే గుంటలు తవ్వి ఎత్తినవి. ఆ గుంటలే చాలాచోట్ల ఇప్పటికీ కట్ట పొడవునా నీళ్లతో కనిపిస్తాయి. డబ్లింగులో కొత్త లైను బాగా కుదిరి, పాత లైనే ఏడిపించడం అందుకే. మీ స్టేషన్లో రెండు ప్లాట్‌ఫారాల్లో ఏది ఎక్కువ ఏడిపిస్తోందో గమనించండి, పాతదే అయ్యుంటుంది.

ఇక నీరు. దాళ్వా కోతలయ్యాక కాలువలకి నీళ్లు ఆపేస్తారు, నేలలో నీటిమట్టం దిగుతుంది. జూన్‌లో కాలువలు వదిలాక ఊడ్పుల నుంచి సార్వా కోతల దాకా కట్ట అడుగున నీరు నిలిచే ఉంటుంది. చెరువులున్న పక్కన ఏడాదంతా ఉంటుంది. పైన పడిన వానకి పోయే దారి లేదు. ప్లాట్‌ఫారం చివర పసుపు బోర్డు మీద సముద్రమట్టానికి ఎంత ఎత్తో రాసుంటుంది, మన లైన్లో ఒకసారి ఆ అంకెలు చూసుకోండి. ఆ కాస్త ఎత్తు మీదే నీరు సముద్రం దాకా పారాలి. యనమదుర్రు, ఉప్పుటేరు లాంటి వాటిలో పోటు సమయానికి నీరు వెనక్కి తన్నుతుంది. ఊళ్లో డ్రెయిన్లో గుర్రపుడెక్క పెరిగి, కట్ట కింద తూము మూసుకుపోయిందంటే ఇక యార్డు చెరువే.

చేయాల్సిన పనులు కొత్తవేం కావు. కంకర పక్కనున్న కాలిబాట మట్టం కంకర అడుగు కంటే కిందుండాలి. చాలాచోట్ల ఏళ్ల తరబడి తీసిన మట్టి, చెత్త అక్కడే పోసి దాన్ని ఎత్తు చేసేస్తారు, దాంతో నీళ్లు లోపలే ఉండిపోతాయి. రెండు ప్లాట్‌ఫారాల మధ్యనున్న లైన్లకి అయితే పక్కకి పోయే దారే ఉండదు, మధ్యలో డ్రెయిను కట్టి చివర తూముదాకా తీసుకెళ్లాలి. కుళాయిల నీళ్లు, ప్లాట్‌ఫారం కడిగిన నీళ్లు పట్టాల మధ్యకి వదలకూడదు. పదేళ్లకోసారైనా కంకర మొత్తం తవ్వి, జల్లించి, మట్టి పారేసి మళ్లీ వేయాలి. 65 మిల్లీమీటర్ల జల్లెడకీ 20 మిల్లీమీటర్ల జల్లెడకీ మధ్య నిలిచే రాయే కంకర, దానికన్నా సన్నంది లోపలుంటే నీళ్లు పట్టుకునేదే. పట్టా అడుక్కీ కంకరకీ మధ్య 50 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. మా వైపు నుంచి జరిగే తప్పు ఇక్కడే ఎక్కువ: కొత్త కంకర దింపి, పట్టా కాళ్లకి ఆనించి వదిలేస్తారు. చూడ్డానికి లైను నిండుగా, అందంగా ఉంటుంది. మొదటి వానకి సర్క్యూట్ పడిపోతుంది.

రిలేగది:

కంకరమనిషి గారితో గొడవ లేదు, కానీ అంతా కంకర మీదే తోసేస్తే కుదరదు. సిమెంటు స్లీపరులో పట్టాని పట్టి ఉంచే ఇనుప ముక్కలు, అంటే ఇన్సర్టులుంటాయి. పట్టాని వాటి నుంచి వేరు చేసేవి కింద రబ్బరు ప్యాడు, క్లిప్పు కింద నైలాన్ లైనరు. ఉప్పుగాలికి క్లిప్పులు తుప్పు పట్టి, లైనర్లు విరిగి జారిపోతే కరెంటు నేరుగా స్లీపర్లోకి దిగుతుంది. స్లీపరు మంచిదైతే రెండు ఇన్సర్టుల మధ్య 500 ఓములైనా చూపించాలి. ఒక ముక్కలో వందల స్లీపర్లుంటాయి, పాతిక ముప్పై చోట్ల లైనర్లు లేకపోయినా చాలు. కంకర జల్లించాక కూడా ఫెయిల్యూర్ తగ్గకపోతే వెతకాల్సింది ఇక్కడ. యూరియా గూడ్సు బళ్లు దించే సైడింగు పక్కనుంటే బస్తాల నుంచి రాలిన ఎరువూ అంతే, తడిస్తే కరెంటుకి మంచి దారి, ఇనుముకి తుప్పు.

పొలంగట్టు:

చాలా బాగా చెప్పారండి ఇద్దరూ. ఒక్క అనుమానం. రిలేకి చేరేది చాలడం లేదంటే బ్యాటరీ వైపు వోల్టేజి కాస్త పెంచేస్తే పోలా? వేసవిలో బాగానే పనిచేస్తోంది కదా.

రిలేగది:

చేయగలరు, చేయకూడదు. ఈ మొత్తం గొడవలో అసలు ప్రమాదం ఉన్న చోటు అదే.

బ్యాటరీకీ పట్టాకీ మధ్య సర్దుబాటు చేసే రెసిస్టెన్సు ఒకటుంటుంది. వానాకాలంలో ఫెయిల్యూర్ వచ్చిందని దాన్ని తగ్గించి కరెంటు పెంచారనుకోండి. రిలే నిలబడుతుంది, ఫెయిల్యూర్ పుస్తకంలో కేసు ముగుస్తుంది. మార్చి వచ్చి కంకర ఎండుతుంది, కారేది ఆగిపోతుంది, పెంచినదంతా రిలేకే చేరుతుంది. అప్పుడు తుప్పు పట్టిన లూప్ లైను మీదకి తేలికపాటి బండి వస్తే, మధ్యలో ఉన్న తుప్పు పొర వల్ల చక్రాలు పట్టాల్ని పూర్తిగా కలపలేకపోతే, రిలే పడకుండా ఉండిపోవచ్చు. బండి ఉన్న లైను ఖాళీ అని చూపిస్తుంది. అరగంట ఆలస్యం వేరు, ఇది వేరు.

అందుకే కొలత రెండు వైపులా ఉంటుంది. బాగా తడిగా ఉన్నప్పుడు రిలేకి చేరేది, అది ఎత్తుకోవడానికి కావాల్సినదాంట్లో 125 శాతం కన్నా తగ్గకూడదు. బాగా ఎండినప్పుడు రెండు పట్టాల మధ్య 0.5 ఓము రెసిస్టెన్సు పెడితే రిలే పడిపోయి తీరాలి. ఈ రెండూ ఒకే సర్దుబాటులో కుదరని చోట సరిచేయాల్సింది కంకరని, లేదా ముక్కని రెండుగా కొయ్యాలి. సముద్రం దగ్గర ఊళ్లలో లూప్ లైన్ల మీద తుప్పు త్వరగా పడుతుంది, వాడని లైనుంటే ఈ పరీక్షలో ఏమాత్రం ఉదాసీనత పనికిరాదు.

మాస్టారిబల్ల:

కాగితం సంగతి నేను చెబుతాను. దాని పేరు టీ/369(3బి). ఎర్రగా ఉన్న సిగ్నల్‌ని దాటడానికి డ్రైవరుకిచ్చే రాతపూర్వకమైన అనుమతి. అది ఇవ్వడానికి ముందు స్టేషన్లో జరిగే పని మీకు బయట కనబడదు, అందుకే ఊరికే ఆపారనిపిస్తుంది.

ప్యానెల్ మీద ముక్క ఎర్రగా ఉందంటే అది వానో, నిజంగానే ఏదన్నా ఉందో మాస్టారికి తెలియదు. సైడింగు నుంచి దొర్లిన వ్యాగనుండొచ్చు, పట్టా విరిగుండొచ్చు. కాబట్టి ముందు లైను కంటితో చూసి ఖాళీ అని ఖాయం చేసుకోవాలి. రాత్రి, వానలో, 700 మీటర్ల లూపు చివరిదాకా టార్చి లైటుతో నడవడం అని అర్థం. ఈలోపు కంట్రోలు ఆఫీసుకి చెప్పాలి, సిగ్నల్ వాళ్లకి మెమో రాయాలి.

తర్వాత పాయింట్లు, అంటే బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకి మళ్లించే కదిలే పట్టాలు. ముక్క పాయింట్ల దగ్గరదైతే, అది ఎర్రగా ఉన్నంతసేపూ పాయింటు ప్యానెల్ నుంచి కదలదు, బండి కింద పాయింటు తిరగకుండా పెట్టిన తాళం అది. సరైన వైపే ఉంటే అదృష్టం. లేకపోతే ఎమర్జెన్సీ మీట నొక్కి తిప్పాలి. నొక్కిన ప్రతిసారీ ఒక కౌంటర్ అంకె పెరుగుతుంది, ఆ అంకె రిజిస్టర్లో రాయాలి. మోటారే తడిసి ఆగిపోతే క్రాంక్ హ్యాండిల్ తీసుకెళ్లి చేత్తో తిప్పాలి. పాయింటు సరిగ్గా కూర్చున్నట్టు ప్యానెల్ చూపించకపోతే క్లాంపు బిగించి తాళం వేయాలి. కదిలే ముల్లు పట్టాకీ అది ఆనే పట్టాకీ మధ్య 5 మిల్లీమీటర్ల అడ్డున్నా పాయింటు తాళం పడకూడదన్నది నియమం, కొట్టుకొచ్చిన ఒక చిన్న కంకర రాయి చాలు దానికి.

దారిలో గేటుంటే గేటుమనిషితో ఫోన్లో ప్రైవేటు నంబరు (మాట ఖాయమని ఇచ్చే రహస్య అంకె) మార్చుకుని, మూసినట్టు రాసుకోవాలి. అప్పుడు కాగితం నింపి, పాయింట్స్‌మన్ చేతికిచ్చి పంపాలి. స్టేషను గది నుంచి హోమ్ స్తంభం దాకా అర కిలోమీటరు పైనే. ఆ నడకే పది నిమిషాలు. డ్రైవరు సంతకం పెట్టి, చేతిజెండా చూస్తూ, పాయింట్ల మీద గంటకి 15 కిలోమీటర్ల లోపు వేగంతో వస్తాడు. అరగంట ఎక్కడికి పోయిందో ఇప్పుడు లెక్కేసుకోండి. చిన్న స్టేషన్లో రాత్రి డ్యూటీలో మాస్టారు ఒకరు, పాయింట్స్‌మన్ ఒకరో ఇద్దరో ఉంటారు. ఇదంతా వాళ్లే చేయాలి.

వేరే ఊళ్లలో త్వరగా అయిపోవడానికి ఒక కారణం, హోమ్ కింద చిన్న కాలింగ్ ఆన్ సిగ్నల్ ఉండడం. స్తంభం మీద ‘సీ’ అని రాసిన గుండ్రటి పలక ఉంటుంది. బండి పూర్తిగా ఆగాక మాస్టారు దాన్ని వెలిగిస్తారు, పెద్దదీపం ఎర్రగానే ఉంటుంది, కింద చిన్న పసుపు వెలుగుతుంది. కాగితం, నడక అక్కర్లేదు. ఎక్కడ అడ్డం కనిపించినా ఆగేలా డ్రైవరు జాగ్రత్తగా వస్తాడు. ఇంకో ఉపాయం, మెయిన్ లైను ముక్క పడితే బండిని లూపులోకి తీసుకోవడం. ముందుగా చెప్పకుండా రెండో ప్లాట్‌ఫారం మీదకి బండొచ్చిందని జనం తిట్టుకునే రోజుల్లో సగం ఇదే.

గేటుదీపం:

ఆగిన ప్రతిసారీ ట్రాక్ సర్క్యూటే అనుకోకండి. స్తంభం మీద పసుపు పలకలో నల్లగా ‘జీ’ ఉంటే అది గేటు సిగ్నలు. దాని దగ్గర డ్రైవరు కూత వేసి, పగలైతే ఒక నిమిషం, రాత్రయితే రెండు నిమిషాలు ఆగి, గేటు దాకా మెల్లగా వెళ్లొచ్చు. గేటుమనిషి జెండా చూపితే దాటొచ్చు. కాబట్టి బండి కూసి, కాసేపాగి, కాగితం లేకుండానే కదిలిందంటే గొడవ గేటు దగ్గరుంది. హోమ్ దగ్గర ఆ సౌలభ్యం లేదు.

మన వైపు గేట్లకి ఇంకో తంటా. దమ్ము రోజుల్లో ట్రాక్టర్లు ఇనుప చక్రాలతో చేలోంచి నేరుగా గేటు మీదకొస్తాయి. చక్రానికంటిన బురదంతా పట్టా పక్క సందులో కూరుకుపోతుంది. బండి చక్రం అంచు తిరగడానికి ఆ సందు 51 నుంచి 57 మిల్లీమీటర్ల వెడల్పు, కనీసం 38 మిల్లీమీటర్ల లోతు ఉండాలి. నిండితే ముందు భద్రత దెబ్బతింటుంది, తర్వాత తడి బురద పట్టానీ రోడ్డునీ కలిపి సర్క్యూట్‌ని పడగొడుతుంది. పట్టాకీ పట్టాకీ కరెంటు అందించే బాండు తీగలు కూడా ఆ చక్రాలకే తెగుతాయి. తీగ తెగితే వాన ఆగినా ఎరుపు పోదు, తేడా గుర్తుపట్టడానికి అది మంచి ఆనవాలు: ఎండ కాశాక నాలుగైదు గంటల్లో తనంతట తగ్గితే నీరు, తగ్గకపోతే తీగో జాయింటో.

పొలంగట్టు:

మాకు కాలింగ్ ఆన్ ఉన్నట్టు లేదు, ‘సీ’ పలక ఎప్పుడూ చూళ్లేదు. దీనికి శాశ్వతంగా మందు లేదాండి? యాక్సిల్ కౌంటర్ అని ఎక్కడో విన్నాను. మేం ఫిర్యాదు రాస్తే ఏం రాయాలి?

రిలేగది:

ఉందండి. యాక్సిల్ కౌంటర్‌కి కంకర తడితో పని లేదు. ముక్క మొదట్లో, చివర్లో పట్టాకి బిగించిన సెన్సార్లు ఇరుసుల్ని లెక్కపెడతాయి. లోపలికి వెళ్లినన్ని బయటికొస్తే ఖాళీ. డెల్టా లాంటి చోట యార్డుకి ఇదే సరైనది.

జబ్బులు దీనికీ ఉన్నాయి. పట్టాల పక్కనున్న పెట్టెలోకి నీరొస్తే, కేబుల్ జాయింటు తడిస్తే, పట్టాలు సర్దే యంత్రం తగిలి సెన్సారు కదిలితే లెక్క తప్పుతుంది. పన్నెండు లోపలికెళ్లి పదకొండే బయటికొచ్చాయంటే వాన ఆగినా ముక్క ఎర్రగానే ఉంటుంది, మనిషి రీసెట్ చేయాల్సిందే. లైను ఖాళీ అని చూసుకుని మాస్టారు తాళంతో రీసెట్ కొడతారు. కొట్టినా వెంటనే ఖాళీ అని చూపించదు. ఒక బండి మామూలుగా లెక్క సరిపోయేలా దాటాకే చూపిస్తుంది. ఆ మొదటి బండికి కాగితం తప్పదు. పట్టాల పక్క పెట్టెలు పెట్టేటప్పుడు ఆ ఊళ్లో గతంలో వరద ఎక్కడిదాకా వచ్చిందో చూసి అంతకన్నా ఎత్తులో దిమ్మ కట్టకపోతే పెట్టిన ఖర్చంతా నీళ్లపాలే.

మాస్టారిబల్ల:

ఫిర్యాదుకి 139 గాని రైల్ మదద్ గాని వాడండి. "బండి ఎప్పుడూ ఆలస్యం" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. తేదీ, బండి నంబరు, ఆగిన సమయం, కదిలిన సమయం, ఆగింది ఏ వైపు హోమ్ దగ్గర, కదిలింది కాగితంతోనా కాగితం లేకుండానా, వాన మొదలై ఎంతసేపయ్యింది. మీ బోగీ ఎదురుగా ఉన్న కరెంటు స్తంభం మీద పైన కిలోమీటరు, కింద వరస సంఖ్య ఉంటాయి, అవి రాయండి. ఒకే స్తంభం నంబరు నాలుగైదు వానల్లో పడితే చూసేవాళ్లకి చోటు తెలిసిపోతుంది. కంకరమనిషి గారు చెప్పిన తూము మూసుకుపోయిన సంగతుంటే అది ఎటు పక్కో, ఆ డ్రెయిను పంచాయతీదో ఇరిగేషన్‌దో కూడా చేర్చండి. రైల్వే హద్దు అవతల గుర్రపుడెక్క వాళ్లు తీయలేరు, అక్కడ ఊరివాళ్ల అర్జీ వేరేగా వెళ్లాలి. అదీ కాలువలకి నీళ్లు ఆపేసిన రోజుల్లోనే, ఏప్రిల్, మే నెలల్లో. జూన్‌లో నీరొదిలాక రాస్తే పని మళ్లీ ఏడాదికే.

ఇంకోటి, ఆలస్యమవుతోందని హోమ్ దగ్గర దిగి నడవకండి. అక్కడ ప్లాట్‌ఫారం ఉండదు, మెట్టు నుంచి కంకర దాకా చాలా లోతు, పక్క లైన్లో బండి రావొచ్చు, మన లైన్లో హోమ్ పక్కనే కాలువ వంతెన ఉన్న స్టేషన్లు తక్కువేం కాదు.

కంకరమనిషి:

కాలువలకి నీళ్లు ఆపేసే రోజులు అన్నారు కాబట్టి ఒక మాట. తూము అడుగు మట్టం ఎంతుందో, అవతలి డ్రెయిను అడుగు మట్టం ఎంతుందో అప్పుడే కొలిపించండి. చాలాచోట్ల డ్రెయినే తూము కంటే ఎత్తయిపోయి ఉంటుంది. అలాంటి చోట తూము ఎంత శుభ్రం చేసినా నీరు అవతల నుంచి ఇవతలికే వస్తుంది. ముందు డ్రెయిను పూడిక తీయాలి, తర్వాతే తూము.